వెన్నెల బండి ఎవరిది?

నా చిన్నతనంలో మా దాచేపల్లి పక్కన ఒక రాక్ బ్యాండు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ల పాట మొదలైతే హైదరాబాదు రోడ్డు మీద లారీలన్నీ ఆగిపోయేవి. కృష్ణ అవతలి ఊళ్ల నుంచి జనం పడవలెక్కి వచ్చేవాళ్లు. పదివేల మంది ఒక్క గొంతుతో పాడుతుంటే పక్షులు గూళ్లకు పోవడం మరిచిపోయేవి.

సరే, పదివేలు కాదు. రెండు వందలుంటారేమో. లారీలు ఆగిన మాట నిజమే గాని, అవి ఆగింది పక్కనున్న మరమ్మతు షెడ్డు కోసం. పడవలో వచ్చింది ఒక్కాయన, ఆయనా చుట్టపుచూపుగా వచ్చాడు. పక్షుల సంగతి నేను చూడలేదు. అయినా కళ్లు మూసుకుంటే నాకిప్పటికీ పదివేల మందే కనిపిస్తారు. సాయంత్రపు ఎండలో సున్నపురాతి దుమ్ము బంగారు పొడిలా తేలుతుండేది, ఆ దుమ్ములోంచి పాట వచ్చేది. ఎవరు పాడుతున్నారో సరిగ్గా కనిపించేది కాదు. ఊరే పాడుతున్నట్టు ఉండేది.

బ్యాండులో నలుగురు. లారీ మెకానిక్ ఒకాయన టేకు చెక్కకు క్లచ్ వైరు పురులు విప్పి బిగించి గిటారు చేసుకున్నాడు. ఇంకొకాయన డీజిలు పీపాలు వాయించేవాడు. పాడేది టీ కొట్టాయన. పాటలన్నీ రాసేది మా పక్కింటి మామ. మామ నాపరాయి క్వారీలో బండలు కోసేవాడు. సిమెంటు సంచి కాగితం చించి, దాని వెనక పెన్సిలుతో పాటలు రాసేవాడు. శుక్రవారం నమాజుకు వెళ్లొచ్చి, అన్నం తిని, మిగతా ముగ్గురినీ కేకేసి అరుగు మీద సాధన మొదలుపెట్టేవాడు.

రాక్ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. గుంటూరు కాలేజీలో చదివే అబ్బాయొకడు సెలవులకు వచ్చి, వీళ్ల మోత విని, మీది అచ్చం రాక్ బ్యాండు అన్నాడు. అంటే ఏందని మామ అడిగాడు. రాక్ అంటే రాయి అని ఆ అబ్బాయి చెప్పాడు. అంతే. మర్నాడే మామ క్వారీ నుంచి తొమ్మిది నాపబండలు తెప్పించి, ఒక్కొక్కదాన్నీ అంచు చెక్కి శ్రుతి చేసి, కొయ్య సుత్తులతో వాయించడం మొదలుపెట్టాడు. రాయి లేకుండా రాక్ ఏందిరా, ఇన్నాళ్లూ మోసం చేశాం జనాన్ని, అని మిగతా ముగ్గురినీ కోప్పడ్డాడట. ఆ అబ్బాయి మళ్లీ సెలవులకు వచ్చి బండలు చూసి, తప్పు దిద్దబోయి, విని, నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఆ బ్యాండు అభిమానులం ఇప్పుడు ఏడుగురం మిగిలాం. మాకు ఫోన్లో ఒక గ్రూపుంది. పొద్దున్నే ఒకరు పాటలో ఒక ముక్క పెడతారు, ఇంకొకరు రెండో ముక్క గుర్తు తెచ్చుకుంటారు, మూడోవారు అది కాదని పోట్లాటకు వస్తారు. రికార్డు చేసిన వాళ్లెవరూ లేరు, ఆ పాటలు మా నోళ్లలోనే ఉన్నాయి. అందరూ ఒప్పుకునే ముక్క మాత్రం ఒక్కటి.

'పగలంతా కొట్టిన చేతులివి
పొద్దుగూకితే నీ మీద వాలతాయి
వెన్నెల బండీ, కాస్త చోటియ్యవే.'

గ్రూపులో ఆ చివరి పాదం ఎవరు రాసినా కింద నా పేరు పెడతారు. ఎందుకంటే ఆ మాట నాదని యాభై ఏళ్లుగా నేనే చెబుతున్నాను. మామ 'వెన్నెల బండా' అని రాశాడనీ, నేను 'బండీ' అని విని జనం ముందే అలా పాడేశాననీ, మామ పొంగిపోయి పాటనే మార్చేశాడనీ నా కథ. చెప్పిన ప్రతిసారీ అందులో మామ నన్ను ఇంకొంచెం ఎత్తుకునేవాడు. ఈ మధ్య భుజాల మీద ఊరేగిస్తున్నాడు కూడా.

ఇప్పుడు అసలు జరిగింది చెబుతాను.

బండా అని మామ రాసిన మాట నిజం. క్వారీ వాళ్లు పని దిగాక చల్లబడిన బండ మీద నడుం వాలుస్తారు, ఆ పాట దాని గురించి. ఆ పాదాన్ని పిల్లల గొంతుతో పాడించాలని మామకు కోరిక. నన్ను పిలిచాడు. నాతో పాటు కృష్ణ అవతలి నుంచి బండలు మోసే పనికి వచ్చిన కుటుంబంలోని ఒక పిల్లను కూడా పిలిచాడు. తొమ్మిదేళ్లుంటాయి. నూనె లేని జుట్టు, సన్నటి గొంతు. ఉన్నది ఒక్కటే మైకు. దాని ముందు ఇద్దరం నిలబడాలంటే నాకు నచ్చలేదు.

మొదటి సాధనలోనే ఆ పిల్ల 'వెన్నెల బండీ' అంది. నాకు అవకాశం దొరికింది. "బండి కాదే, బండ. నీ మెడ మీద ఉంది చూడు, అదే బండ" అన్నాను. అందరూ నవ్వారు. టీ కొట్టాయన మరీ నవ్వాడు. మామ తల వంచుకుని సుత్తికి గుడ్డ చుట్టుకుంటున్నాడు, నవ్వలేదు. ఆ పిల్ల మళ్లీ నోరు తెరవలేదు. మరుసటి శుక్రవారం రాలేదు.

ఏమైందిరా అని మామ అడిగాడు. జ్వరం అని చెప్పాను. ఎంత అంటే నూట నాలుగు అన్నాను. అప్పటికే నాకు లెక్కలు పెంచే అలవాటు ఉంది. ఆ పొద్దున ఆ పిల్ల నెత్తి మీద నీళ్ల బిందెతో మామ ముందు నుంచే వెళ్లిందన్న సంగతి అప్పుడు నాకు తెలియదు.

మామ నన్ను ఇంటి పక్కన మట్టిలో పరుచుకుని ఉన్న బండ దగ్గరికి తీసుకెళ్లి సుత్తి నా చేతికిచ్చాడు. క్వారీలో బండ మంచిదో కాదో కొట్టి చూస్తారు. ఖంగుమని పలికితే మంచిది. మొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టు, దాన్ని వ్యర్థాల గుట్టలో పడేస్తారు. మా ఊరి పిల్లలందరికీ తెలిసిన విద్యే. నేను కొట్టాను. దబ్ మంది. ఇంకోచోట కొట్టాను. అదే మోత. బీటుంది మామా, పారెయ్యి అన్నాను, పెద్ద మేస్త్రీలాగా.

మామ ఒక కొస పట్టుకుని, రెండో కొస నన్ను పట్టమన్నాడు. నా శక్తికి అది లేవలేదు. పది మణుగుల బండ మరి. కాదు, అంత ఉండదు, కానీ నాకలా అనిపించింది. మామే ఎలాగో ఎత్తి, కింద ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి గోనెపట్టా చుట్టలు తోశాడు. బండకూ నేలకూ నడుమ బెత్తెడు గాలి. మళ్లీ కొట్టమన్నాడు.

అది పలికింది. మామూలుగా కాదు. కొట్టి చెయ్యి తీసేశాక కూడా పలుకుతూనే ఉంది. అరుగు మీదికి, చూరులోకి, నా మోచేతి ఎముకలోకి పాకింది. ఆ చప్పుడు సన్నబడి ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు. ఇప్పటికీ ఆగిందో లేదో చెప్పలేను.

"నేల అదిమి పట్టుకుంటే ఏ బండ పలుకుద్దిరా" అన్నాడు మామ. సుత్తి నా చేతిలోంచి తీసుకుని, "పొయ్యి ఆ పిల్లకి జొరం ఎంతుందో చూసిరా" అన్నాడు.

వాళ్లు రేకులు, తాటాకులు కలిపి వేసుకున్న పాకలో ఉండేవాళ్లు. వెళ్లేసరికి ఆ పిల్ల గిన్నెలు తోముతోంది. నా అంతట నేను తప్పయిందని ఎన్నడూ అనలేదు, ఆ రోజూ అనలేదు. మామ రమ్మన్నాడని మాత్రం చెప్పాను. రానంది. పాడితే మళ్లీ బండి అనే వస్తుందని, నోరు తిరగదని చెప్పింది. ఆ మాటే ఎందుకొస్తుందని అడిగాను.

గిన్నె పక్కన పెట్టి చెప్పింది. "మేమొచ్చింది బండిలనే గద. మూడు దినాలు. అమ్మ, తమ్ముడు, నేను, గంపల కోళ్లు. కాళ్లు సాపుకుంటందుకు జాగ లేకుండె. ఎన్నెల మాత్రం మంచిగుండె. ఆ పాట ఇంటే నాకు గదే యాదికొస్తది."

నాకు ఆ బండి కనిపించింది. తెల్లటి దారిలో ఇరుకు బండి, లోపల ముడుచుకుని పడుకున్న పిల్ల, పైన ఇంత ఆకాశం. కాస్త చోటియ్యవే అని బండిని అడగాలి గాని, క్వారీ నిండా పరుచుకున్న బండను అడగడమేమిటని మొదటిసారి అనిపించింది. "అయితే అట్టాగే పాడు. నేనూ అట్టాగే అంటా" అన్నాను. మాటిచ్చాను కాబట్టి వచ్చింది.

జనం ముందు పాడే రోజు వచ్చింది, లారీలు ఆగే ఖాళీ స్థలం నిండా జనం. మేమిద్దరం మైకు ముందు నిలబడ్డాం. ఆ పాదం రాగానే పిల్ల నా వైపు చూసింది. నా కథలో అయితే ఇక్కడ నేను గొంతెత్తి పాడతాను. నిజంలో నేను నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు వరసలో మా బడి పిల్లలున్నారు. వాళ్లు నవ్వుతారని భయం. ఆ పిల్ల ఒక్కతే పాడింది. 'వెన్నెల బండీ.'

ముందు వరస నవ్వింది. వెనక నుంచి, అరుగు మీది సాధన విన్నవాళ్లు కొందరు, బండి కాదమ్మాయ్ బండ అని అందించారు. పిల్ల మైకు నుంచి వెనక్కి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేస్తే ఇంక ఎప్పటికీ పాడదని నాకు తెలుసు. తెలిసీ అలాగే నిలబడ్డాను.

మామ సుత్తులు ఆగాయి. లేచి వచ్చి మైకు ఆ పిల్ల ముందుకు జరిపాడు. "పిల్ల పాడిందే పాట. నేను రాసింది చిత్తు" అన్నాడు.

అన్నాక వెళ్లి కూర్చుని వరస మార్చాడు. ఎద్దులు తాపీగా నడుస్తున్నట్టు, ఇరుసు కిర్రుమంటున్నట్టు ఆ తొమ్మిది బండలూ మోగాయి. గిటారు వెంట నడిచింది. 'వెన్నెల బండీ' అని మామ పాడాడు, పిల్ల పాడింది, టీ కొట్టాయన పాడాడు. రెండోసారికి వెనక వాళ్లు కలిశారు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో అందరం ఏదో దారిన పోతున్నట్టు, ఎవరూ దిగడం లేదన్నట్టు అనిపించింది. నాలుగోసారికి నేనూ అందుకున్నాను, అందరికంటే గట్టిగా. అందుకే మా వాళ్లకు నా గొంతే గుర్తుండిపోయింది. నా అబద్ధానికి పునాది అదే.

ఆ ఎండాకాలం పోకముందే ఆ కుటుంబం వేరే పనికి తరలిపోయింది. తర్వాత మామ లేడు, బ్యాండూ లేదు. కాదనే మనిషి లేనప్పుడు అబద్ధం చక్కగా ఎదుగుతుంది.

పోయిన నెల మా గ్రూపులో ఒకాయన మనవరాలు ఆ పాటను పాడి ఫోన్లో పెడతానని, ఆ పాదం కింద నా పేరు వేస్తానని రాసింది. అవునని రాయబోయాను. వేలు ఆగింది. కూర్చుని పైన చెప్పిందంతా రాశాను. ఎవరూ నమ్మలేదు. ఈ కథ ఇంకా బాగుంది, ఎప్పుడు కట్టావు బావా అని ఒకడు. పెద్దాయనకు వినయం కూడా పట్టుకుందని ఇంకొకడు. ఆ మనవరాలు మాత్రం, సరే తాతయ్యా, ఆమె పేరేంటో చెప్పండి, అదే వేస్తాను అంది.

నాకు తెలియదు. ఆ పిల్లను మేము ఏయ్ అవతలి పిల్లా అనే పిలిచాం. ఒక్కరమూ పేరు అడగలేదు. మామకు తెలిసి ఉంటుంది. 'మాట: కృష్ణ అవతలి నుంచి వచ్చిన పిల్ల' అని వెయ్యమన్నాను. వేసింది. నా పేరు తీసేయమన్నాను, తీసేసింది. అంత త్వరగా తీసేస్తుందని అనుకోలేదు, కొంచెం నొచ్చుకున్న మాట వాస్తవం.

మామ మైకు జరిపిన ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది ఒక అలవాటు. నలుగురు కూర్చున్నచోట ఎవరో ఒకరు ఏదో అనబోయి ఆగిపోతారు. మా ఇంట్లో అయితే మా కోడలు. మావాడి గొంతు లేవగానే ఆ అమ్మాయి సగం మాట మింగేసి గిన్నెలు తీస్తుంది. నేను చెయ్యెత్తి మావాణ్ణి ఆపి, ఏందమ్మా, నువ్వేదో అనబోయావు అంటాను. అప్పుడు వచ్చే మాట చాలాసార్లు ఆ పూట మా ఇంట్లో అందరి మాటకంటే మంచిదై ఉంటుంది.

ప్రతిసారీ అలా అడుగుతానని రాయబోయాను. ప్రతిసారీ కాదు. పదిలో నాలుగుసార్లు. మిగతా ఆరుసార్లూ నేనే మాట్లాడుతుంటాను.