చేపలు అమ్మని ఎల్లాజీ

వన్ టౌన్‌లో ఎల్లాజీకి సముద్రపు రంగుచేపల దుకాణం ఉంది. చేపలు తప్ప అన్నీ అమ్ముతాడు. తొట్టెలో కలిపే ఉప్పు అమ్ముతాడు, ఇసుక అమ్ముతాడు, రాళ్లు అమ్ముతాడు, పంపులూ లైట్లూ అమ్ముతాడు. చేప కావాలని వేలు పెట్టి చూపించారంటే మాత్రం, ఆ చేప వంక కాకుండా మీ మొహం వంక ఓసారి చూసి, "కుదరదండి" అంటాడు.

ఎందుకు కుదరదో చెప్పడానికి అరగంట పడుతుంది. మీ తొట్టె పొడవెంత, రాళ్ల మధ్య సందులెన్ని, అందులో ఇప్పటికే ఎవరెవరున్నారు అని మొదలెడతాడు. "ఏమేం ఉన్నాయి" అనడు, "ఎవరెవరున్నారు" అనే అంటాడు. ఎవరు ముందొచ్చారు, ఎవరు ఏ మూల పడుకుంటారు, తిండి దగ్గర ఎవరు ఎవర్ని తోస్తారు, అన్నీ కావాలి.

"మనకి పక్కింటోడితో పడలేదనుకోండి, ఇల్లు మారిపోతాం. ఆ తొట్లో సేప ఎక్కడికి పోతాది? సెప్పండి!" అని నిలదీస్తాడు.

వాళ్లమ్మ కాసులమ్మ ఫిషింగ్ హార్బర్‌లో నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషి. "నాను పొద్దుపొడుపుకి రెండు గంపలు అమ్మేసి ఇంటికొచ్చీదాన్ని. ఈడు రెండు నెలలకి ఒక సేప అమ్ముతాడు. అది కూడా ఆడపిల్లని అత్తోరింటికి పంపినట్టు ఏడుసుకుంటా అమ్ముతాడు" అని వీధిలో కనిపించినవాళ్లందరికీ చెబుతుంది. హోటళ్లలో, ఆఫీసుల్లో, ఇళ్లలో తొట్టెలు కడిగి నీళ్లు మార్చే పని లేకపోతే ఎల్లాజీ దుకాణం ఎప్పుడో మూతపడేది.

ఒకసారి రుషికొండ వైపు కొత్తగా రిసార్టు కట్టిన ఆసామి, పెద్ద కారు సందులో పట్టక బయటే ఆపి, పదకొండు చేపల పేర్లున్న చీటీతో నడుచుకుంటూ వచ్చాడు. ఎల్లాజీ చెవి మీది పెన్సిల్ తీసి ఒక్కో పేరే కొట్టేయడం మొదలెట్టాడు.

"ఇదీ ఇదీ ఒకే జాతి. కలిపేసారంటే పొద్దస్తమానం తగువే. ఇది ముళ్లది, పక్కనున్నోడు నోట్లో పడతాడంటే వొదల్దు. ఇదేమో బతికున్న పురుగే తింతాది. మీ తొట్లో పురుగు పుట్టడానికి ఏడాది పడతాది."

పదీ పోయి ఒక్క పేరు మిగిలింది.

"మరి ఇదో?"

"ఇది మంచిదేనండి."

"హమ్మయ్య. అయితే ఇదిచ్చెయ్."

"మంచిది గనకే మీకివ్వను. మిగతా పదీ ఇంకెక్కడో కొనేసి దీంతో కలిపేత్తారు."

ఎవరికి ఎవరు పడరో చూసే ఈ చూపు చేపల దగ్గర ఆగితే బాగుండేది. షేర్ ఆటో ఎక్కినా అంతే. ఎక్కగానే అందరి మొహాలూ ఓసారి చూసి, "బావా, నువ్వు ముందుకొచ్చి డ్రైవర్ పక్కన కూకో. ఈ పెద్దాయన ఫోన్‌లో గట్టిగా మాట్లాడే రకం, నీకేమో నిద్దర నేదు" అంటాడు. కొందరు తిడతారు. కానీ తిట్టినవాళ్లు కూడా చోటు మారతారు, ఎందుకంటే పెద్దాయన అప్పటికే ఫోన్ తీసి ఉంటాడు.

అలాంటి ఎల్లాజీ చేతిలో పడింది డాక్టర్ అనూరాధ. కంచరపాలెంలో ఆమెకి పళ్ల ఆసుపత్రి ఉంది. కుర్చీ ఎక్కేముందు పిల్లలు పెట్టే ఏడుపు రైల్వే గేటు దాకా వినబడేది. వెయిటింగ్ హాల్లో సముద్రపు చేపల తొట్టె పెడితే పిల్లలు దాన్ని చూస్తూ భయం మరిచిపోతారని ఆమె ఆలోచన.

ఎల్లాజీ తొట్టె పెట్టాడు. నీళ్లు పోశాడు, రాళ్లు పేర్చాడు, లైటు బిగించాడు. ఆరు వారాలు చేపే వెయ్యలేదు.

"మేడమ్, పేషెంట్లందరూ చేపలేవని అడుగుతున్నారు" అంది రిసెప్షన్‌లో కూర్చునే మహేశ్వరి.

"నీళ్లు ఇంకా పచ్చివమ్మా. సేప తట్టుకునేలా పండాల" అన్నాడు ఎల్లాజీ. నీళ్లు పండడమేమిటో మహేశ్వరికి అర్థం కాలేదు గానీ, ఆ మనిషి చెప్పిన తీరుకి తల ఊపేసింది.

ఏడో వారం నారింజ రంగు మీద తెల్ల చారలున్న చిన్న చేపల జంట ఒకటి వచ్చింది. ఇంకో నెలకి, మిగతా చేపల ఒళ్లు శుభ్రం చేసే ఒక ఎర్ర రొయ్య వచ్చింది. పిల్లలు నిజంగానే ఏడుపు మానేశారు. అనూరాధకి ఆశ పెరిగింది. ఫోన్‌లో ఒక చేప బొమ్మ చూసింది. నీలి రంగు ఒళ్లు, చంద్రవంక లాంటి తోక, అన్నిటికన్నా ముఖ్యంగా ఎర్రటి పళ్లు! పళ్ల డాక్టరు దగ్గర ఉండాల్సిన చేప అంటూ ఏదైనా ఉంటే అదే అనిపించింది.

"కుదరదండి" అన్నాడు ఎల్లాజీ. "ఆ పళ్లు నవ్వడానికి కాదు డాట్రుగారూ. రొయ్యని వొదల్దు. సిన్నోళ్లని బతకనివ్వదు."

"పిల్ల చేపేగా ఎల్లాజీ!"

"పిల్లే. పెరగదేటండి?"

అనూరాధ ఇంకోచోట కొనేసింది.

మూడు రోజులు అంతా బాగానే ఉంది. నాలుగో రోజు రొయ్య కనబడలేదు. ఐదో రోజు నిండా పిల్లలున్నప్పుడు, ఎర్రపళ్ల చేప వచ్చి నారింజ చేప తోక కొరికి ముక్క తెంపింది. ఇదివరకు పిల్లలు కుర్చీ చూసి ఏడ్చేవాళ్లు, ఇప్పుడు గుమ్మంలోనే మొదలుపెట్టారు.

సిగ్గుపడుతూనే అనూరాధ ఫోన్ చేసింది. నే ముందే చెప్పాను కదా అని ఎల్లాజీ ఒక్క మాట అనలేదు. "ఎవరి తోకండి?" అన్నాడు. అరగంటలో వచ్చి, దెబ్బ తగిలిన చేపనీ దాని జంటనీ జాలీ పెట్టెలో వేరుపెట్టాడు. తర్వాత ఎర్రపళ్లదాని కోసం వల పెడితే, అది రాళ్ల సందులో దూరి, వీపు మీది ముల్లు నిలబెట్టుకుని గొళ్లెం వేసుకున్నట్టు బిగుసుకుపోయింది. గంటసేపు చూసి, ఎల్లాజీ వాళ్లమ్మని పిలిపించాడు.

కాసులమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికొచ్చి, తొట్టె ముందు నిలబడింది.

"ఒరే, దీనికోసమేట్రా నన్ను ఆటో ఎక్కించినావు? మా వల్లో పడితే తీసి అవతల పారేసీవోళ్లం. ఆ తోలు సూడు, సెప్పులు కుట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

"అమ్మా, ఇది కూరకి కాదే."

"తెలుసులే. డాట్రమ్మా, దీన్ని పన్ను పీకినట్టు పీకకూడదు. అదే రావాల."

ఆవిడకి కావలసినవి నాలుగు: ఖాళీ నీళ్ల సీసా, పురికొస, రొయ్య ముక్క, నోరు మూసుకుని కూర్చునే జనం. మొదటి మూడూ దొరికాయి. నాలుగోదే కష్టమైంది, ఎందుకంటే ఆ హాల్లో నరసింహమూర్తిగారు ఉన్నారు.

ఆయన గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపి రిటైరైన మనిషి. కట్టుడు పళ్లు నొప్పెడుతున్నాయని వారానికి రెండుసార్లు వస్తారు. అనూరాధ ఏడుసార్లు సరిచేసింది. ఎక్కడా ఏ లోపమూ లేదు. వచ్చి కూర్చున్నంతసేపూ ఫ్యాన్ తిరగడం లేదని, టీవీ గట్టిగా ఉందని, పక్కవాడు కాళ్లు ఊపుతున్నాడని తగువు పెట్టుకుంటారు. ఆయన స్కూటర్ చప్పుడు వింటే మహేశ్వరి మందుల గదిలోకి పోతుంది.

కాసులమ్మ సీసా మెడ కోసి, దూరిన చేప వెనక్కి రాలేకుండా దాన్ని లోపలికి తిరగేసి బిగించి, లోపల రొయ్య ముక్క పెట్టి, కొస కట్టి నీళ్లలోకి దించబోయింది.

"ఎడమకండీ, ఎడమకి! అలా దబ్బున దించితే బెదిరిపోద్ది" అన్నారు మూర్తిగారు.

"నువ్వెవులివి బాబూ?"

"ముప్ఫయ్యేళ్లు క్రేన్ తోలానండి. ఎంత బరువైనా చప్పుడు లేకుండా దించేవాణ్ణి."

"అయితే నువ్వే దించు. నా రెక్క నొప్పెడతంది."

మూర్తిగారు లేచారు. చొక్కా చేతులు మడిచి, కొస రెండు వేళ్లతో పట్టుకుని దించారు. నీళ్లు కదల్లేదు. సీసా ఇసుక మీద ఆనినట్టు కూడా తెలియలేదు. ముప్పావుగంట అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. లోపల కుర్చీలో ఉన్న పేషెంటు కూడా నోట్లో దూదితోనే గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. చివరికి ఎర్రపళ్ల చేప సందులోంచి బయటికొచ్చింది, సీసా చుట్టూ రెండుసార్లు తిరిగింది, దూరింది.

"ఇప్పుడు!" అంది కాసులమ్మ.

సీసా పైకి లేచింది. సరిగ్గా మూర్తిగారి మొహం ఎదురుగా వచ్చేసరికి, లోపలున్న చేప నోటి నిండా నీళ్లు పుచ్చుకుని ఆయన కళ్లద్దాల మీద ఉమ్మేసింది.

మహేశ్వరి కళ్లు మూసుకుంది. మూర్తిగారు కళ్లద్దాలు తీసి, చేప వంక తేరిపార చూశారు.

"వీడికి నాకంటే కోపం ఎక్కువలాగుందండీ!" అని పెద్దగా నవ్వారు. ఆ పళ్లు కట్టింది తనే అయినా, అవి అంత పొడుగునా కనబడడం అనూరాధకి అదే మొదటిసారి.

ఎల్లాజీ ఆయన్ని చూశాడు, చేపని చూశాడు, మళ్లీ ఆయన్ని చూశాడు.

"మూర్తిగారూ, మీ ఇంట్లో ఎవరెవరుంటారండి?"

"ఎవరుంటారయ్యా, నేనే. మా ఆవిడ పోయి మూడేళ్లయింది."

ఎల్లాజీ తల ఊపి, బకెట్‌లో చేపనీ ఆటోలో అమ్మనీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మూర్తిగారు ఆసుపత్రికి రాలేదు. మొదటి వారం మహేశ్వరి సంతోషించింది. రెండో వారం, "ఏమయ్యుంటారు మేడమ్?" అంది. మూడో వారం ఒక మధ్యాహ్నం అనూరాధే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. రైలు పట్టాల పక్క సందులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసి మూర్తిగారు పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

"నెమ్మదిగా రండి. కొత్తవాళ్లని చూస్తే వాడు రాళ్లలో దూరిపోతాడు."

గదిలో గోడ పొడుగునా గాజు తొట్టె. అందులో ఎర్రపళ్లవాడు ఒక్కడే, రాజాలా తిరుగుతున్నాడు.

"మీ ఎల్లాజీ దుకాణంలో తొట్టెలు కారుతున్నాయంటండి. చోటు లేదు, పది రోజులు ఉంచి పుణ్యం కట్టుకోండని ఒకటే బతిమాలాడు. తొట్టె, రాళ్లు, నీళ్లతో సహా వ్యాన్‌లో దింపేశాడు. నాకేం పనిలేదనుకున్నాడో ఏంటో! వీడికి పొద్దున్న ఓసారి, సాయంత్రం ఓసారి తిండి. ఆలస్యమైతే మొహాన ఉమ్ముతాడు. మర్యాద లేదు వెధవకి." ఇంత ఆనందంగా తిట్టడం అనూరాధ ఎక్కడా వినలేదు.

వంటగదిలోంచి రొయ్యల ఇగురు వాసన వస్తోంది.

"మీరు వండుతున్నారా?"

"ఒక్కడికి ఏం వండుకుంటాంలే అని ఇన్నాళ్లూ ఇడ్లీ పొట్లాలతో గడిపేశానండి. ఇప్పుడు వీడికోసం రొయ్యలు తేవాలి కదా. పావుకిలోకి తక్కువ ఎవడిస్తాడు? వీడు తినేది రెండు ముక్కలు. మిగతాది పారేస్తామా?"

"మరి పళ్ల నొప్పి?"

"ఏ పళ్లు?" అన్నారు మూర్తిగారు.

అనూరాధ అక్కణ్నుంచి తిన్నగా వన్ టౌన్ వెళ్లింది. ఎల్లాజీ లేడు. కాసులమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుని విసురుకుంటోంది. దుకాణం వెనక వరసలో ఐదు తొట్టెలు నిండా నీళ్లతో, ఒక్క చుక్క కారకుండా, ఖాళీగా ఉన్నాయి.

"చోటు లేదన్నాడటగా మామ్మా?"

కాసులమ్మ విసనకర్ర ఆపింది.

"ఆడికెప్పుడూ సోటు ఉండదమ్మా. ఎవులితోటీ పడని సేపల్ని జనం తెచ్చి ఈడి కాడ వొదిలేత్తారు. ఈడేమో ఊరంతా తొట్లు కడుక్కుంటా తిరిగి, ఏ ఇంట్లో మనిషి అలికిడి నేదో సూసొత్తాడు. వెనక సందులో టీచరమ్మకి ఒక బుంగమూతి సేపనిచ్చినాడు, పది రోజులకని. నాలుగేళ్లయింది. పోర్టులో పనిసేసి దిగిపోయినాయనకి ముళ్ల సేపనిచ్చినాడు. అదీ పది రోజులకే. ఆయన దానికి పుట్టినరోజు సేత్తన్నాడు."

"ఊరికే ఇస్తే తీసుకోరా?"

"ఊరికే ఇత్తే మొగమాటం. నీకు తోడుంటాదని సెప్తే రోసం. నాకు సాయం సెయ్యండి అన్నావనుకో, ఎవులైనా తలుపు తీత్తారు."

అంతలో తడిసిన ప్యాంటుతో, భుజాన పైపు చుట్టతో ఎల్లాజీ వచ్చాడు. ఖాళీ తొట్టెల ముందు నిలబడ్డ డాక్టరుగారిని చూసి తడబడ్డాడు.

"అయ్యి... కారుతాయండి. పైకి తెలీదు."

"సరే, మూర్తిగారికి పది రోజులూ ఎప్పుడో అయిపోయాయి. వెళ్లి తెచ్చెయ్యి మరి" అంది అనూరాధ నవ్వాపుకుంటూ.

ఎల్లాజీ కాసేపు తల గోక్కుని, ఫోన్ తీసి నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"మూర్తిగారూ, నాను ఎల్లాజీనండి. రేపు వ్యాన్ తెచ్చి సేపని పట్టుకెళ్లిపోతాను."

"రేపా? రేపు మంగళవారం."

"పోనీ బుధవారం వత్తాను."

"బుధవారం వాడికి ఒంట్లో బాగుండదు."

"ఇప్పుడే తెలిసిపోయిందేటండి?"

"నాకు తెలుస్తుందయ్యా! అయినా ఆ కారే తొట్టెలు ఎవడు బాగుచేశాడు? సరిగ్గా చేసుండడు. ఓ ఏడాది నీళ్లు పోసి చూడు. అప్పుడు మాట్లాడదాం."

పెట్టేశారు. ఎల్లాజీ ఫోన్ జేబులో పెట్టుకునేలోపే మళ్లీ మోగింది.

"ఆదివారం నీళ్లు మార్చడానికి మాత్రం రా. మీ అమ్మగారిని కూడా తీసుకురా. రొయ్యల ఇగురు చేస్తాను."

"రొయ్యలు ఎవుల కాడ కొంటన్నాడో అడగరా ముందు!" అని కాసులమ్మ లేచి వచ్చి ఫోన్ లాక్కుంది.

అనూరాధ బయటికొచ్చి స్కూటర్ తీసి సందు మలుపు తిరిగేదాకా, రొయ్యల ధర మీద వాళ్లిద్దరి తగువు వినబడుతూనే ఉంది.