బిడ్డను కట్టుకునే నీలి గుడ్డ

రెండు వేల ఆరు చలికాలంలో అక్కకి తోడుగా ఉండమని అమ్మ నన్ను విజిట్ వీసా మీద దుబాయ్ పంపింది. అక్కకి ఏడో నెల. అంతకు ముందొకసారి ఎనిమిదో నెలలో బిడ్డ దక్కలేదు. అప్పుడు బావ ముచ్చటపడి ముందే గౌన్లు, మేజోళ్లు కొనుక్కొచ్చాడు. తర్వాత అవి ఏమయ్యాయని ఎవరం అడగలేదు. ఈసారి దుబాయ్ నైఫ్ పేటలోని వాళ్ల రెండు గదుల ఇంట్లో పసిపిల్లలకు సంబంధించిన గుడ్డపీలిక కూడా లేదు.

నాకు ఒకచోట కాలు నిలవదు. వంటయ్యాక గోడలు చూస్తూ కూర్చోలేక, ఊళ్లో జరుగుతున్న ఎగ్జిబిషన్‌లో బాతిక్ అద్దకం నేర్పుతున్నారని పేపర్లో చూసి పోయాను. వియత్నాం కొండల్లోని హ్మాంగ్ తెగ ఆవిడ నేర్పుతోంది, మా అమ్మ కంటే కొంచెం చిన్నది. ఆవిడ మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి పక్కన వాళ్ల దేశపు అమ్మాయి ఒకతి ఉంది. కరిగించిన తేనెమైనంలో రాగిరేకుల కలం ముంచి నారబట్ట మీద గీతలు గీయాలి. తర్వాత బట్టని నీలిమందులో ముంచి, వేడినీళ్లలో ఉడికిస్తే మైనం పోయి, గీసిన చోటల్లా తెల్లగా మిగులుతుంది. హాల్లో ఏసీ చలికి నా కలంలో మైనం బట్టని చేరేలోపే గడ్డకట్టేది. నేను విసుక్కుంటే ఆవిడ నవ్వి, నన్ను స్టవ్ దగ్గరకి లాగి కూర్చోబెట్టేది.

ముగ్గులేసిన చేయి కదా, నేను ముందు చుక్కలు పెట్టేశాను. వాకిట్లో అయితే చేత్తో చెరిపేయొచ్చు గానీ మైనపు చుక్క పడిందంటే ఇక పడినట్టే. ఆవిడ చూసి తల పట్టుకుంది.

"ఇన్ని కళ్లు ఎందుకు పెట్టావని అడుగుతోంది" అంది ఆ అమ్మాయి.

నాకూ నవ్వాగలేదు. ఇంతకీ నేను చేస్తున్నది బిడ్డను వీపున కట్టుకునే గుడ్డ. ఏది చేస్తావని ఆవిడ అడగ్గానే, అక్క కడుపు గుర్తొచ్చి అక్కడున్నవాటిలో దాన్నే చూపించాను.

రంగు మర్నాడు వేద్దామంటే, గీసిన బట్టని సంబరంగా ఇంటికి పట్టుకెళ్లాను. అది దేనికో చెప్పగానే అక్క ముఖం పాలిపోయింది.

"పుట్టకుండానే కొత్తగుడ్డ తెస్తావేంటే? బుద్ధుందా నీకు? ఆ గౌన్లు చాల్లేదా?" అంది. తర్వాత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది.

మర్నాడు ఎంత వద్దన్నా నాతో బయల్దేరింది. "నేనే దగ్గరుండి ఇప్పించి వస్తాను. ఖలాస్, అది మళ్లీ ఇంటికి రాకూడదు."

అక్కడ బట్ట ఆవిడ చేతిలో పెట్టి, మా ఇళ్లల్లో బిడ్డ పుట్టకముందు కొత్తదేదీ సిద్ధం చేయకూడదని నేను ఇంగ్లీషులో నానా తంటాలూ పడి చెప్పాను. ఆవిడకి వింతగా ఉంది. వాళ్లవైపు కడుపు కనబడగానే అమ్మమ్మ కుట్టడం మొదలుపెడుతుందట.

"మరి పుట్టగానే ఏం కప్పుతారు?" అని అడిగించింది.

"పాతది" అన్నాను. "పిల్లల్ని కని పెంచిన పెద్దామె వాడిన గుడ్డ."

ఆవిడ లేచి, గోడకి వేలాడదీసిన గుడ్డొకటి దింపి తెచ్చింది. తను పిల్లల్ని మోసినదట. నీలం వెలిసి, పట్టీలు పీచులు తేలి, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. కొత్తదాన్ని ముట్టని అక్క దీన్ని రెండు చేతులా తీసుకుంది. నా ప్రాణం కుదుటపడింది.

"ఎంతమందిని మోసిందో అడగవే."

ఐదుగురిని.

"అందరూ బానే ఉన్నారా?"

ఆవిడ గుడ్డ అంచు సవరిస్తూ చెప్పింది. ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది. "నలుగురున్నారు. మూడోది పోయింది. అడుగులేయకముందే."

అయిపోయిందనుకున్నాను. బిడ్డ పోయినామె గుడ్డని మావాళ్లు గడప దాటనివ్వరు. అబద్ధం చెబితే ఏం పోయేదని ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. అక్క చేతిలోంచి దాన్ని తీసుకోబోయాను. అక్క వదల్లేదు.

కడుపు పట్టుకుని మెల్లగా ఆవిడ పక్కన చాప మీద కూర్చుంది. ఆ గుడ్డలో ముఖం పెట్టుకుంది. ఆవిడ అక్క వీపు మీద చేయి వేసి రాస్తూ ఉండిపోయింది. ఒకరి భాష ఒకరికి రాదు.

చాలాసేపటికి అక్క తలెత్తింది. "నాకు ఇదే కావాలని చెప్పవే."

మార్చిలో పాప పుట్టింది. ఆస్పత్రి నుంచే అమ్మకి ఫోన్ చేశాం. ఏడుపూ నవ్వూ అయ్యాక అమ్మ మొదట అడిగింది అదే.

"పాతగుడ్డే కదా కప్పారు? ఎవరిదే? పిల్లల తల్లిదేనా?"

నేను అక్క వంక చూశాను. అక్క ఫోన్ తీసుకుంది.

"నాలాంటి తల్లిదేనమ్మా" అంది.