ఇత్తో పెద్దమ్మ గన్నేరు నీళ్ళు

మా ఏటి పొడుగునా గన్నేరు విరగబూస్తుంది. మేకలు కూడా దాని వంక చూడవు. దాంతో పని ఉన్నది మా ఇత్తో పెద్దమ్మ ఒక్కదానికే. ఆకులు కాచి, ఆ నీళ్ళతో మనుషుల గజ్జి, మేకల గజ్జి ఒక్కలాగే కడిగేది. ఆ కుండలో ఇంకేమీ వండేది కాదు. "ఇది ఒంటికే, నోటికి కాదు" అనేది. భర్త పోయి ఒంటరిగా బతికిన మనిషి. నోరు మాత్రం మా గుడారాలన్నిటికీ సరిపోయేది.

ఒక వసంతంలో మా గుడారాలకు పెద్ద అయిన బాసూ ఆమె గుడారం ముందుకి వచ్చాడు. వెనక కూతురు తూదా తల వంచుకుని నిలబడింది. ఉన్ని బేరగాడొకడు వచ్చి పోయిన సంగతీ, పిల్ల కడుపు సంగతీ అందరికీ తెలుసు. ఏమీ ఎరగనట్టు అక్కడే కూచుని పుదీనా టీ తాగుతున్నాం, అంతే.

"చిక్కగా కాచి ఒక గిన్నెడు ఇయ్యి," అన్నాడు బాసూ.

"ఎవరికి గజ్జి?"

"తెలీనట్టు అడగకు. పిల్లకి తాగించాలి. కడుపన్నా పోద్ది, లేకపోతే..."

"పిల్లన్నా పోద్ది. ఏది పోయినా నీ పరువు మిగుల్తుంది, అంతేగా?"

"ఇయ్యకపోతే రేపు నీ గుడారం ఈ ఏటి ఒడ్డున ఉండదు."

"ఏరు నీ అబ్బ తవ్వించాడా?"

పెద్దమ్మ తూదా వైపు తిరిగింది. "నిలబడి కాళ్ళు పీకుతున్నాయేమోనే అమ్మాయ్. రా, ఆ నిట్రాడు పట్టుకో."

పిల్లకంటే తండ్రికే ముందు అర్థమైంది. చెయ్యి చాచాడు. అప్పటికే తూదా లోపలికి దూరి గుంజను వాటేసుకుంది. మాలో నిట్రాడు పట్టుకున్నవాళ్ళు ఆ గుడారం మనుషులైపోతారు. హంతకుణ్ణైనా సరే, అక్కణ్ణుంచి లాక్కుపోయినవాడి వంశం తలెత్తుకోలేదు. పరువు కోసం వచ్చినవాడు ఆ పరువు కోసమే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

ఇత్తో గడప ఎవరూ తొక్కకూడదన్నాడు బాసూ. గజ్జి పెద్దల మాట వింటుందా? జనం పొదల చాటున వచ్చి కడిగించుకుని పోయేవారు. తూదాకి ఆడపిల్ల పుట్టింది. గుడారమూ అక్కడే ఉంది.

కొన్నేళ్ళకు బాసూ చేతులే పగిలి రసి కారాయి. పట్నం మందులన్నీ అయ్యాక వచ్చి బయట నిలబడ్డాడు.

"లోపలికి రా. నిట్రాడు మాత్రం ముట్టుకోకు, నిన్ను కూడా సాకే ఓపిక నాకు లేదు," అంది పెద్దమ్మ.

కుండ తెచ్చింది తూదా. ఆ నీళ్ళను చూసి ముసలాయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. కూతురు ఆ చేతులు పట్టుకుని ముందుకు లాగింది.

"భయపడకు నాన్నా. ఈ గుడారంలో దీన్ని ఎవరికీ తాగించం," అని నీళ్ళు పోసింది.