కొట్టేసిన పని

నాకన్నీ గుర్తుంటాయి, రాసుకోవలసిన అవసరం లేదు అనేవాళ్ళను నేను నమ్మను. వాళ్ళకు గుర్తుండేవి వాళ్ళకు ఇష్టమైన పనులు. ఇష్టం లేనివి ఎంత హాయిగా మరిచిపోతారో పక్కనున్నవాళ్ళను అడగాలి. నేను పదకొండో ఏటి నుంచి రోజూ పొద్దున్నే ఆ రోజు చేయవలసిన పనులు చేత్తో రాసుకుంటున్నాను. దానివల్ల లాభాలేమిటని ఎవరైనా అడిగితే సాయంత్రం దాకా చెప్పగలను. నష్టం మాత్రం ఒక్కటే జరిగింది. అది దాచి లాభాలే చెప్తే మోసం అవుతుంది. మోసపోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఈ అలవాటు నేర్పింది మా అక్క. యాభైల చివర మా అమ్మ పోయింది. అప్పటికి నాకు పదకొండేళ్ళు, అక్కకు ఇరవై. మాది ఇందుకూరుపేటకు రెండు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. అక్కను అదే ఊళ్ళో, మా వీధి చివరి ఇంటికే ఇచ్చారు. తెల్లవారి అత్తగారింట్లో పని ముగించుకుని మా ఇంటికి వచ్చేది. మళ్ళీ మధ్యాహ్నం అక్కడికి పోయి, సాయంత్రం ఇక్కడికి వచ్చేది. తను లేనప్పుడు నేనేం చేయాలో ఒక కాగితం మీద రాసి పోయేది. దాన్ని మేం పట్టీ అనేవాళ్ళం. పాత క్యాలెండరు కాగితాన్ని వెనక్కి తిప్పి, నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క వంటింటి గోడ మేకుకు గుచ్చేది. పక్కనే దారానికి కట్టిన పెన్సిలు ముక్క వేలాడేది.

లాంతరు గ్లాసు తుడవాలి. మైపాటి చేపలామె వస్తే ఎండు నెత్తళ్ళు తీసుకోవాలి. చింతపండులో గింజలు తీయాలి. నాయన పంచె ఉతకాలి. ఇలాంటివే అన్నీ. పని అయ్యాక పెన్సిలుతో దాని మీద అడ్డగీత గీసి కొట్టెయ్యాలి. అక్క పెట్టిన నియమం ఒక్కటే: "చేసిన చెయ్యే కొట్టెయ్యాల. ఒకరి పని ఇంకొకరు కొట్టేసేదానికి లేదు."

నాయన మొదట్లో మమ్మల్ని ఆటపట్టించేవాడు. "ఇది ఇల్లనుకున్నారా, తాలూకా కచ్చేరీ అనుకున్నారా?" అనేవాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆయనే వచ్చి, "ఎద్దుకు లాడం వేయించాల, అది గూడా రాయండి" అన్నాడు. లాడం వేయించిన రోజు కాళ్ళు కడుక్కోకుండానే వంటింట్లోకి వచ్చి, పెన్సిలు అందుకుని, గీత కొట్టి, మా ఇద్దరి వైపూ చూసి పోయాడు.

అయిపోని పనిని మర్నాటి పట్టీలో మళ్ళీ రాయాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. చింతపండు గింజలు తీయడమంటే నాకు ఒళ్ళుమంట. ఒకసారి ఐదు రోజులు వరసగా దాన్ని ఎత్తి రాశాను. మొదటి రోజు ఏమీ అనిపించలేదు. మూడో రోజు నా అక్షరాలే నన్ను వెక్కిరిస్తున్నట్టు కనిపించాయి. ఆరో రోజు, ఇంకోసారి రాయడం కంటే గింజలు తీయడమే నయమనిపించి కూర్చున్నాను. ఎవరూ తిట్టకుండా, ఎవరూ చూడకుండా మనిషి చేత పని చేయించేది చేత్తో రాసిన కాగితం ఒక్కటే. పైగా పనులన్నీ గోడ మీద ఉంటే బుర్రలో చోటు మిగులుతుంది. ఆ మిగిలిన చోటులోనే నేను ఎస్సెల్సీ దాకా చదివానని నా నమ్మకం.

ఇంకో లాభం కూడా చెప్పాలి. గీత ఉందంటే పని అయినట్టే. చేశావా, చేశావా అని ఒకరినొకరు పీక్కుతినే అవసరం మా ఇంట్లో ఉండేది కాదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గీత అబద్ధం కాలేదు.

అరవైల మధ్యలో ఎస్సెల్సీ పాసయ్యాను. మా ఊరి ఆడపిల్లల్లో నేనే మొదటిదాన్ని. టీచరు ట్రైనింగుకు పోవాలని నా కోరిక. నెల్లూరులో రెండేళ్ళు హాస్టల్లో ఉండి చదవాలి. హెడ్‌మాస్టరు గారు దరఖాస్తు ఫారం తెప్పించి ఇచ్చారు. "నీ మార్కులకు సీటు రాకపోతే నేను మీసం తీసేస్తా" అన్నారు. నాయన మాత్రం నాన్చాడు. "మీ అక్కను అడుగు. అది సరేనంటే నాదేముంది" అన్నాడు.

అక్కను అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పోమే, నేను లేనా ఇక్కడ" అంది. ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చుని, సిరా కారకుండా అద్దుడు కాగితం పట్టుకుంది. కవరు మీద అడ్రసు తన గుండ్రటి అక్షరాలతో తనే రాసింది.

ఆఖరి తేదీకి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ రోజు మా చేలో ఎండాకాలం పంట ఎడగారుకు నాట్లు. నాటే ఆడవాళ్ళకు నేను సద్ది మోసుకుపోవాలి. అక్క తన బిడ్డకు టీకా వేయించడానికి ఇందుకూరుపేట పోతోంది. పోస్టాఫీసు అక్కడే. కవరు తన సంచిలో పెట్టుకుంది. నేను ఆ రోజు పట్టీలో మూడో పనిగా "దరఖాస్తు పోస్టులో వేయాలి" అని రాసి, ఎప్పుడూ లేనిది, కింద రెండు గీతలు గీశాను.

చేలోంచి వచ్చి, బురద కాళ్ళతోనే మేకు దగ్గరికి పోయి చూశాను. మూడో పని మీద అడ్డగీత ఉంది.

"ఏమైందక్కా?" అన్నాను.

"కొట్టేసినాలే. రా, అన్నం తిను" అంది.

అంతకు మించి అడగలేదు. గీత చూశాక కూడా అడగడమంటే అక్కను అవమానించడమే. రశీదు ఏదని అడగాలని నా బుద్ధికి తట్టనే లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ తర్వాత మూడు నెలలు నా పట్టీలో రోజూ మొదటి పని "పోస్టుమాన్‌ను అడగాలి" అన్నదే. రోజూ అడిగేదాన్ని, రోజూ కొట్టేసేదాన్ని. ఆ మూడు నెలలూ అక్క నన్ను చూసుకున్నంత బాగా అమ్మ కూడా చూసుకోలేదు. తలంటి పోసేది, జడ వేసేది, అత్తగారింట్లో చేసిన పిండివంటలు కొంగులో దాచి తెచ్చేది. నా ఆందోళన తనూ పంచుకుంటోందని అనుకున్నాను. పిచ్చిదాన్ని.

నాతో చదివిన అమ్మాయికి సీటు వచ్చినట్టు కార్డు వచ్చింది. నా కంటే తక్కువ మార్కులు ఆమెకు. నాకు రాలేదు. నాలో ఏదో లోపం ఉందని తేల్చుకుని, వారం రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. చివరికి హెడ్‌మాస్టరు గారు పనిమీద నెల్లూరు పోయి, అక్కడ విచారించి వచ్చారు. నా పేరుతో దరఖాస్తే రాలేదట.

ఇంకేముంది, పోస్టాఫీసు వాళ్ళే పోగొట్టి ఉంటారు. రెండు మైళ్ళూ ఉడుకుతూ నడిచిపోయి, పోస్టుమాస్టరు గారిని జనం ముందే కడిగేశాను. నోటికెంత వస్తే అంత అన్నాను. ఆయన పెద్దాయన. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "రశీదు ఉందా తల్లీ?" అని ఒక్క మాట అడిగాడు. లేదన్నాను. "మరి నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. ఆ మాటకు ఇంకా రెచ్చిపోయాను.

ఇంటికి వచ్చేసరికి అక్క వంటింట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. జరిగిందంతా గొప్పగా చెప్పాను. నా తరఫున తనూ నాలుగు తిట్లు తిడుతుందనుకున్నాను. అక్క తల ఎత్తలేదు.

"ఆయన్నెందుకు అంటివి? పాపం, ఆయనేం చేసినాడు" అంది.

"ఆయన కాకపోతే ఇంకెవరు చేసినారు?"

అక్క చేతులు ఆగిపోయాయి. "కవరు నా కాడే ఉంది. మా ఇంట్లో గుడ్డల పెట్టెలో" అంది.

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "పోస్టులో వేసినానని చెప్పినావు గదా!" అన్నాను.

"వేసినానని నేనెప్పుడన్నా అన్నానా?" అంది అక్క, చేట వైపే చూస్తూ. "కొట్టేసినానన్నాను."

అయిపోయిన పనినీ కొట్టేస్తాం, వద్దనుకున్న పనినీ కొట్టేస్తాం. రెండింటికీ ఒకే మాట, ఒకే గీత. ఇంకొకరి సొమ్ము కాజేసినా కొట్టేశారనే అంటాం. ఆరేళ్ళపాటు ఆ మాట రోజుకు పదిసార్లు వాడిన ఇల్లు మాది. ఏ అర్థంలో అన్నావని ఒకరినొకరం అడగవలసిన రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అక్క అనుకుంది. బిడ్డకు టీకా వేయించి, పోస్టాఫీసు ముందు నుంచే నడిచి వచ్చి, అబద్ధం ఆడకుండా మోసం చేసే మాట ఏదో వెతికి పెట్టుకుంది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పచ్చి అబద్ధం ఆడి ఉంటే ఇంత కోపం ఉండేది కాదేమో.

నాయనకు చెప్పాను. ఆయనకు ముందు తెలియదు, ఆ మాట నమ్ముతాను. విని, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత "పోనీలే. యేడాది ఎంతలో తిరిగొస్తాది, మళ్ళా యేడు చూద్దాం" అన్నాడు. నా యేడాది ఆయనకు పోనీలే అయింది. ఆ ఇంట్లో నా వైపు నిలబడే మనిషి ఒక్కరూ లేరని ఆ సాయంత్రం తెలిసింది.

మర్నాడు మేకు మీది పట్టీని ముట్టుకోలేదు. ఒక నోటుపుస్తకం కుట్టుకుని నా పనులు అందులో రాసుకోవడం మొదలుపెట్టాను. అడ్డగీతలు మానేశాను. పని అయితే పక్కన "అయింది" అని రాస్తాను. మానుకుంటే "మానుకున్నాను" అని రాసి, ఎందుకో కూడా రాస్తాను. ఈ పద్ధతి చూసి నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు, నవ్వుకోనీ.

ఆ పుస్తకంలో మొదటి రోజు రాసిన పని "పోస్టుమాస్టరు గారికి క్షమాపణ చెప్పాలి." దాన్ని ఎనిమిది రోజులు ఎత్తి రాశాను. నోటికి మరిచిపోవడం చేతనవుతుంది గానీ చేతికి చేతకాదు. తొమ్మిదో రోజు పోయాను. ఆయన నన్ను చూసి, మళ్ళీ తిట్టడానికి వచ్చాననుకుని కళ్ళద్దాలు తీయబోయాడు. జరిగింది చెప్పాను, అక్క సంగతితో సహా. "ఈసారి నీ చేత్తో నువ్వే తెచ్చి రిజిస్టరు చెయ్యి తల్లీ. రశీదు నీ కాడ పెట్టుకో" అన్నాడు. అందరిలో నాకు పనికొచ్చే సలహా ఇచ్చింది, నేను తిట్టిన మనిషి ఒక్కడే.

అక్కతో మాట్లాడటం మానలేదు. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు తిరిగేటప్పుడు అది కుదరదు. ఉప్పు ఎక్కడ, బిడ్డ ఏడుస్తున్నాడు, నీళ్ళు కాగాయి అంటూ పని మాటలు మాట్లాడాను. "అక్కా" అనడం మాత్రం మానేశాను. పిలవవలసి వస్తే దగ్గరికి పోయి మాట్లాడేదాన్ని, లేదంటే గిన్నె చప్పుడు చేసేదాన్ని. అక్క రోజూ వచ్చేది, రోజూ ఆ మేకుకు పట్టీ గుచ్చేది. అందులో నా పేరు మీద పనులు రాయడం తనే తగ్గించుకుంటూ వచ్చింది.

మళ్ళీ యేడు నా కవరు నేనే రిజిస్టరు చేశాను. సీటు వచ్చింది. కార్డు చూసి నాయన వీధిలో నాలుగిళ్ళకు చెప్పి వచ్చాడు. నేను నోటుపుస్తకం తెరిచి "అయింది" అని రాసుకున్నాను. సంతోషం కంటే ముందు, ఈ అక్షరాలు యేడాది ముందే రాయవలసినవి కదా అన్న ఉక్రోషమే వచ్చింది.

పోయే రోజు నాయన ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా వచ్చాడు. అక్క బిడ్డను చంకన వేసుకుని వెనకే వచ్చింది. బస్సుకు ఇంకా టైముంది. నాయన ఎవరితోనో కాలవ నీళ్ళ సంగతి మాట్లాడుతూ దూరంగా నిలబడ్డాడు. అక్క నా ఓణీ కొంగు సరిచేసింది. యేడాదిగా అడగాలనుకుంటూ అడగని మాట అప్పుడు అడిగాను.

"ఎందుకు చేసినావు? రెండిళ్ళ పని ఒక్కదానివే చెయ్యాల్సొస్తాదనా?"

"పనికేముందే, చేతులున్నాయి, చేస్తా" అంది. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "ఆ ఇంట్లో నేను ఒకరికి కోడల్ని, ఒకరికి వదినని, వీడికి అమ్మని. మన ఇంటికొస్తేనే గదా నేను అక్కని. ఇంకొక్క యేడు అక్కా అని అనిపించుకుందామనుకున్నా."

తగిన శాస్తి జరిగిందనిపించింది. అవును, మొదట నాకు కలిగింది అదే. నా యేడాది కొట్టేసింది, ఆ పిలుపును మూడు నెలలకు మించి అనుభవించలేకపోయింది. అంతలో బస్సు వచ్చింది. నాయన పెట్టె పైన వేయించాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. అక్క కిటికీ కిందికి వచ్చి, తల ఎత్తి నా నోటి వైపే చూస్తూ నిలబడింది. దేనికోసం చూస్తోందో నాకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బస్సు కదిలింది. చెయ్యి మాత్రం ఊపాను.