తలమీద గంపతో నెల్లూరు కొత్త మార్కెట్టుకు

లేదు, దారి తెలియక కాదు నేను ఆ మార్కెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగింది. గేటు కనబడుతూనే ఉంది. నెత్తిమీద దోసకాయల గంప ఉంది, దాన్ని దించడానికి ఇంకొకరి చెయ్యి కావాలి, ఆ చెయ్యి ఎవరినీ అడగలేకపోయాను. కొత్తవాళ్ల ముందు నాకు మొదటినుంచీ నోరు పెగలదు. బుచ్చిరెడ్డిపాలెం వైపు నుంచి ఆ మార్కెట్టుకు సరుకు తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, ఆ రోజు ఎట్లా గడిచిందో రాస్తున్నాను.

నన్ను పంపింది మా నాన్న. మా మేనత్త రమణమ్మ నెల్లూరులో కూరగాయలు అమ్ముతుంది. మామ పోయాక ఆమెను నిలబెట్టింది ఆ పనే. పాత బజారు వీధిలో రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని ఏళ్ల తరబడి అమ్మింది. బస్సులు తిరగడానికి చోటు చాలడం లేదని అక్కడి అంగళ్లన్నీ ఎత్తించి, కాస్త దూరంలో పైకప్పు వేసి కట్టిన కొత్త మార్కెట్టులోకి మార్చారు. అప్పటినుంచి అత్తకు బేరాలు లేవని ఊళ్లోకి వచ్చినవాళ్లంతా చెబుతున్నారు. నాన్న తోటలో దోసకాయలు కోయించి, గంపకు ఎత్తి, నాతో అన్నాడు: "ఇది అత్తకియ్యి. సాయంత్రానికి కాయలన్నీ పొయినాయా, ఆమెను ఆడనే ఉండనీ. మిగిలినాయా, గంపతో పాటు అత్తను గూడా తీసుకొచ్చెయ్. నేను చెప్పినానని చెప్పు." నాన్నకు చెల్లెలంటే ప్రేమే. కానీ మా ఇంటికి వస్తే అత్తకు మిగిలేది మా అమ్మ పొయ్యి ముందర ఒక పీట. అది అత్తకు తెలుసు, అమ్మకూ తెలుసు.

బుచ్చిలో ఆరుగంటల బస్సు ఎక్కాను. తెల్లారి వెళ్లేవాళ్లకు అదే మంచిది, తర్వాతి దాంట్లో వడ్ల వ్యాపారులు ఎక్కుతారు, నిలబడేదానికి చోటుండదు. టిక్కెట్టు అర్ధరూపాయికి లోపే. గంపను టాపు మీద వేస్తే దానికి వేరే చిల్లర ఇవ్వాలి. కోవూరులో పెరుగు కుండలతో ఆడవాళ్లు ఎక్కారు. కుండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, దానికి చిల్లర లేదు. పెన్న వంతెన మీద బస్సు మెల్లగా పోయింది. అప్పుడు పెన్నలో నీళ్లు ఒక పాయలోనే ఉన్నాయి, మిగతాదంతా ఇసుక, ఇసుక మీద చాకలి బట్టలు.

కండక్టరు నా దగ్గరికి వచ్చి, "యాడికబ్బయ్యా?" అన్నాడు.

"మార్కెట్టుకు."

"పాతదానికా, కొత్తదానికా?"

"కొత్తదానికి."

"కొనేదానికా, అమ్మేదానికా?"

"అమ్మేదానికి."

"అదీ! కొత్త మార్కెట్టులో కొంటానన్నోడు ఈ బస్సులో ఇంతవరకు నాకు దొరకలా." బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి చూశాను. "పాపమ్మ కాడ దిగు. ఆడ్నించి నడకే," అన్నాడు. పాపమ్మ ఎవరని అడగలేదు.

దిగాక తెలిసింది, అది మనిషి కాదు, రాయి. పాత బజారు వీధి మొదట్లో రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక పొడుగాటి బండ. బండ మనిషి భుజమంత ఎత్తులో ఉంది. తలమీద బరువున్నవాళ్లు దాని దగ్గరికి వచ్చి, మోకాళ్లు కాస్త వంచి, మెడ ముందుకు పెట్టి, బరువును బండ మీదికి జరిపేస్తారు. ఎవరి సాయమూ అక్కర్లేదు. ఎత్తుకునేటప్పుడూ అంతే. కండక్టరు నా నెత్తికెత్తిన గంపను నేనూ అట్లాగే దించి, టవలుతో మెడ తుడుచుకున్నాను. పక్కన పెరుగు కుండలు, గడ్డిమోపులు, కట్టెలమోపు ఒకటి ఉన్నాయి. బరువులు దించినవాళ్లు ఊరికే నిలబడలేదు. చుట్టూ తట్టలు పెట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర వంకాయలు ఏరుతున్నారు, పచ్చిమిరపకాయలు బేరమాడుతున్నారు. అంగళ్లు ఎత్తేశారన్న వీధి అది. పోలీసు కనబడితే తట్టలు ఎత్తుకుని లేస్తారట, పోగానే కూర్చుంటారట. అప్పుడు నాకు అందులో వింతేమీ కనబడలేదు. గంప ఎత్తుకుని కొత్త మార్కెట్టు వైపు నడిచాను.

నడిస్తే పావుగంట. మార్కెట్టు బాగుంది, అబద్ధం చెప్పకూడదు. సున్నం ఇంకా తెల్లగానే ఉంది. నాలుగు వైపులా ఇనుప గేట్లు, ప్రతి గేటుకూ మెట్లు, ముందు గేటు దగ్గర ఖాకీ చొక్కా కాపలావాడు. లోపల అత్త ఎక్కడ కూర్చుంటుందో తెలియదు. గంప దించి వెతుకుదామంటే దించే చోటు లేదు. నేల మీదికి ఒక్కడినే దించబోతే కాయలన్నీ చితుకుతాయి. కాపలావాణ్ణి అడుగుదామని దగ్గరికి వెళ్లి, అతను నావైపు చూడగానే పక్కకు తిరిగి నడిచాను. అట్లా మొదటి చుట్టు అయింది. రెండోసారి మెట్ల దాకా వెళ్లాను. మూడోసారికి మెడ నరాలు లాగుతున్నాయి.

లోపల్నుంచి ఎవరో కేకేశారు. "ఏమబ్బయ్యా, మూడు తిరుగుళ్లు అయినాయి! ఇది గుడి గాదు, మార్కెట్టు. లోపలికి రా, దేవుడు లేడు గానీ నేనుండా."

అతను ఏసుదాసు. అరటిపళ్లు అమ్ముతాడు, అత్త పక్క అరుగే అతనిది. వచ్చి గంప దించాడు. "రమణమ్మక్కా, నీకు చుట్టమొచ్చినాడు. బేరమనుకోని నేను ఉరికినా!"

అత్త నన్ను చూసింది, గంపను చూసింది. "ఏరా సీనా, మీ నాయన నన్ను తీసకరమ్మన్నాడా?"

నేను గంపలో కాయలు సర్దడం మొదలుపెట్టాను.

"నెల్లూరులో దోసకాయలు దొరకవని పంపిచ్చినాడా మరి? కూచో. కాళ్లు కడుక్కోని కూచో."

లోపల చల్లగా ఉంటుంది. కొళాయి ఉంది, సిమెంటు అరుగుల మీద నల్లరంగుతో నెంబర్లు ఉన్నాయి, ఈగలు లేవు. సగం అరుగులు ఖాళీ. మిగతావాళ్లు ఒకరి సరుకు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. అమ్మేవాళ్లే ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుంటున్నారని ఏసుదాసు చెప్పాడు. "పొద్దున నేను అక్క దగ్గర బెండకాయలు కొన్యా. ఇప్పుడు అక్క నా దగ్గర పళ్లు కొనాల. అట్టా జరుగుతా ఉండాది మా యాపారం." డప్పు వేయించి చూశారట, గేటుకు తోరణాలు కట్టి చూశారట, ధర దించి చూశారట. ఆఫీసు ఇళ్ల అమ్మగార్లు కొందరు వస్తారు, అంతే. మధ్యాహ్నం లోపు ఒకావిడ వచ్చి నా దోసకాయను గోరుతో గిచ్చి, చేదుగా ఉంటుందేమోనని అనుమానపడి, రెండు తీసుకుంది. ఇంకొకాయన నాలుగు తీసుకున్నాడు. గంపలో తగ్గినట్టు కనబడలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక అత్త టిఫిను క్యారియరు తెరిచింది. అన్నం, ముందురోజు చేపల పులుసు. నాకు పెట్టి, ఏసుదాసుకు ఒక ముక్క వేసింది. తింటూ తింటూ అడిగింది, "బయట్నే ఎందుకు తిరిగినావురా అంతసేపు?"

"దించుకునేదానికి రాయి లేదు," అన్నాను.

అత్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఏసుదాసు పెద్దగా నవ్వాడు. "ఓరి నీ! వెనక పేటలకు పెరుగు పోసేవాళ్లు రోజూ ఈ గేటు ముందర్నే పోతారు అక్కా. ఒక్కరూ ఆగరు. ఎట్టా ఆగుతారు, తలమీద కుండ! రాయే గదా, రేపే ఒకటి తెచ్చి పెడదాం."

"రాయి ఊరికే పెట్టరు ఏసుదాసూ," అంది అత్త.

"ఎందుకు పెట్టరు?"

"కడుపుతో చచ్చిపొయినదానికి పెడతారు. అది బరువు దించుకోకుండానే పొయింది గదా. దారిన పొయ్యేవాళ్లు ఆ రాయి మీద బరువు దించుకుంటే, దానిది గూడా దిగుతుందని. పాపమ్మ అట్టా పొయినదే. వాళ్లోళ్లు పెట్టినారు."

ఏసుదాసు నవ్వు ఆపాడు. అతనికి తెలిసే ఉంటుంది, నాకు ఎట్లాగూ తెలుసు. అత్త కూతురు కమల వదిన ఏడో నెలలో పోయింది. రాయి పెడతామని అప్పట్లో వదిన అత్తింటివాళ్లు అన్నారు. ఒక పంట చేతికి రానీ అన్నారు, తర్వాత ఆ మాట ఎత్తలేదు. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అత్త మా ఇంట్లో ఎప్పుడూ ఆ రాయి మాట అడగలేదు.

ఆమె చెయ్యి కడుక్కుని, అరుగు మీద గోనెపట్టా కప్పి, "దా," అంది. ఇద్దరం పాత వీధికి నడిచాం. పాపమ్మ రాళ్ల దగ్గర కోవూరు పెరుగామె ఒకతె ఖాళీ కుండలో వంకాయలు వేసుకుంటోంది.

"కొత్త మార్కెట్టుకు రారేంది మే మీరు? ఆడ నీడుండాది," అంది అత్త.

"నీడ బాగానే ఉండాది తల్లీ. నెత్తిమీద కుండ ఎవురు దించుతారు, నువ్వు దించుతావా?" అని ఆమె నవ్వి, కుండ బండ మీద పెట్టి, దాని కిందికి తల పెట్టి ఎత్తుకుని వెళ్లిపోయింది.

అత్త ఆ బండ మీద అరచెయ్యి పెట్టి కొంచెంసేపు నిలబడింది. మధ్యలో నున్నగా అరిగి, గుంటపడి ఉంది. తర్వాత వెనక్కి వచ్చేశాం.

సాయంత్రానికి గంపలో సగానికి పైగా కాయలు మిగిలాయి. నాన్న లెక్క ప్రకారం అత్త నాతో రావాలి. ఆమె పాపమ్మ దాకా వచ్చి నన్ను బస్సెక్కించింది. "మీ నాయనకు చెప్పు. గంప ఖాళీ గాలేదు, నేనూ రాలేదు. నా బిడ్డకు రాయి పెట్టాల. పెట్టినాక గూడా ఎవురూ ఆగకపోతే అప్పుడొస్తా. పొయ్యి ముందర కూచోమన్నా కూచుంటా." ఇంత పొడుగు మాట నాకు అప్పజెప్పడం కష్టం. దారిపొడుగునా మనసులో అనుకుంటూ వచ్చాను.

నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. మా చేలో ఇంజను పెట్టాక మోటబావి వాడటం లేదు, దాని రాతి స్తంభాలు, అడ్డబండ అట్లాగే నిలబడి ఉన్నాయి. మరునాడు నాన్న గడ్డపార తీసుకుని అటు వెళ్లాడు. అమ్మ ఇద్దరు కూలీలకు అన్నం వండి పంపింది. ఆ రాళ్లను బండిమీద వేసుకుని కోవూరు మీదుగా వంతెన దాటించాం. ఎద్దులబండిలో బరువుతో వెళ్లేవాళ్లు వంతెన మీదికి పొద్దెక్కకముందే చేరాలి, తర్వాత బస్సులకు దారి ఇవ్వలేక చస్తారు. మార్కెట్టు గేటు ముందు కాపలావాడు, "ఎవుర్నడిగి పాతుతా ఉండారు?" అని వచ్చాడు. నాన్న తలపాగా తీసి, విషయం చెప్పాడు. అతను మెట్ల వైపు చూసి, "మెట్లకు అడ్డం రాకుండా ఇంకో రెండడుగులు అవతలికి తవ్వండి," అన్నాడు. రాయి నిలబెట్టాక అత్త దానికి పసుపు రాసింది. ఏడవలేదు.

ఆ పంటకాలం అయ్యాక మళ్లీ వెళ్లాను. మార్కెట్టు నిండిందని చెప్పను. ఖాళీ అరుగులు ఇంకా ఉన్నాయి, పాత వీధిలో తట్టలు ఇంకా ఉన్నాయి. కానీ గేటు ముందు బండ మీద నేను గంప దించేసరికి అక్కడ మూడు కుండలు, ఒక గడ్డిమోపు, కాపలావాడి అన్నం క్యారియరు ఉన్నాయి. కుండల ఆడవాళ్లు లోపల బేరమాడుతున్నారు. అత్త అరుగు మార్చుకుంది, ఇప్పుడు గేటుకు ఎదురుగా కూర్చుంటుంది. చేత్తో తూకం వేస్తున్నా కళ్లు బండ మీదే ఉంటాయి. ఎవరైనా బరువు దించుకుంటే ఆమె భుజాలు కొంచెం కిందికి జారడం ఆ రోజు రెండుమూడుసార్లు చూశాను. సాయంత్రానికి గంప అడుగున నాలుగు కాయలే మిగిలాయి. వాటిని అత్త కూరకు ఉంచుకుంది. అత్తను తీసుకొచ్చెయ్యమన్న మాట నాన్న ఇంక ఎత్తలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్కటి చెప్పాలి. కొత్త మార్కెట్టు అని అడిగితే కండక్టరు ఇప్పటికీ పాపమ్మ కాడే దించుతాడు, అక్కడ్నించి బరువుతో నడవాలి. కమలమ్మ రాయి అని చెప్పండి, బస్సును అక్కడిదాకా పోనిచ్చి గేటు ముందే ఆపుతాడు. ఆ పేరు అతనికి ఎవరు చెప్పారో తెలియదు, నేనైతే చెప్పలేదు. మీ ఊరి దారిలోనూ ఇట్లాంటి రాయి ఒకటి ఉండే ఉంటుంది, మీరూ ఎప్పుడో బరువు దించుకునే ఉంటారు. అది ఎవరిదో మీకు తెలుసా?