పేగు లోపలి నూగు

మా తమ్ముడికి పేగు మెలిపడ్డది ఎనభైల మొదట్ల. పినపాక దిక్కు బొగ్గుబాయిల టబ్బులు నింపే పని వాడిది. కడుపునొప్పి అని రెండు రోజులు వాము నమిలి ఊరుకున్నడు. మూడోనాడు పెద్ద దవాఖానాకు చేర్చేసరికే లోపల కుళ్లిపోయింది. కోసిన డాక్టరు బయటికొచ్చి, "చిన్నపేగు ముప్పావు వంతు తీసేసినం. బలమైన తిండి పెట్టండి" అన్నడు. పక్కనున్న చిన్న డాక్టర్లతోటి మాత్రం చాలాసేపు ఇంగ్లీషుల మాట్లాడిండు. దాంట్ల ఒక్క ముక్క మాకు తెలుగుల చెప్తే ఆయన సొమ్మేం పోయేదని ఇప్పటికీ మండుతది నాకు.

కాలు విరిగినోడికి మేక కాళ్ల పులుసు తాగిస్తం గదా, ఎముక అతుక్కుంటదని. అదే తీరున పేగు పోయినోడికి పేగే పెట్టాలన్నది మా అమ్మ. నేనూ అవ్ అన్న. ఆదివారం ఆదివారం మేక బోటి తెచ్చేది నేను, కడిగేది మా మరదలు, అంటే వాడి భార్య. పేగును సన్నపుల్లకు ఎక్కించి, చొక్కా చెయ్యి తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పేది. లోపల తడిసిన మఖమల్ గుడ్డ లెక్క నూగు ఉంటది. ఉప్పు, పసుపు, సున్నపునీళ్లు పెట్టి కడిగి, నూనెల ఎర్రగ వేయించి పళ్లెం నిండ పెట్టేది.

వాడు తినేటోడు. తిన్న గంటకే చెంబు పట్టుకొని పోయేటోడు. నెలనెలకూ లాగు జారుతుంటే మొలతాడు బిగించుకునుడే.

"అన్నా, నా కడుపు చిన్న ఊరి స్టాపు అయింది. ఏ బస్సూ ఆగుతలేదు" అని నవ్వేటోడు. నేనూ నవ్విన. వాడు చెప్పింది నిజమని నాకేం తెలుసు?

మా అమ్మకు మాత్రం తప్పు కోడలి చేతిలనే కనపడ్డది. "నువ్వు కడిగే తీరు గట్లుంది. ఆ మురికి పోకనే నా కొడుకు కడుపు ఆగుతలేదు."

"గట్టిగ గీకమ్మా, నీ మొగుడు తినేదే గద" అని నేనూ అందుకున్న.

ఆమె ఆనాటి నుంచి కత్తి పట్టుకొని, పేగు అవతలి వెలుతురు కనపడేదాక గీకేది. సున్నానికి వేళ్లు పగిలినయి.

ఏడాదిన్నరకు వాడు పోయిండు. పాడె మోసినోళ్లకు బరువే తెలియలేదు. పెద్దకర్మ నాడు మా అమ్మ నలుగురి ముందట, "శుభ్రం లేని చెయ్యి నా కొడుకును మింగింది" అన్నది. నేను అక్కడే ఉన్న. నోరు తెరవలేదు. తెల్లారి మరదలు రేకుపెట్టె పట్టుకొని ములకలపల్లి, పుట్టింటికి పోయింది.

బడిల నేను చదివింది రెండు తరగతులు. మిగిలిన చదువంతా కిరాణాకొట్టు పొట్లాలదే. ఏ పొట్లం వచ్చినా కాగితం విప్పి, మడతలు నిమిరి చదివేటోణ్ణి. అయిదారేండ్లకు చింతపండు కట్టిన కాగితం మీద చిన్నపేగు బొమ్మ వచ్చింది. ఎవరో పిల్లగాడి సైన్సు పుస్తకంలది. పేగు లోపలి గోడకు వేళ్ల లాంటి సన్నని మొలకలుంటయట. తిన్నదాని సారం వాటి నుంచే రక్తంలకు పోతదట. అన్నం ఒంటికి పట్టే జాగనే పోయినోడికి మేం నూనె వేపుళ్లు పెట్టినం. కొంచెం కొంచెం, మెత్తగ, మాటిమాటికి పెట్టి ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేటోడేమో. పిల్లల పుస్తకంలున్న సంగతి. మాకు చెప్పేటందుకు ఒక్కరికీ తీరిక దొరకలేదు.

ఆ కాగితం జేబుల పెట్టుకొని ములకలపల్లి పోయిన. "రా బావా" అని పీట వేసింది. మొత్తం చదివి వినిపించిన.

"నీ చేతి తప్పు కాదమ్మా. వాడి కడుపుల పేగే లేకపాయె."

ఆమెకు చదువు రాదు. కాగితం తీసుకొని బొమ్మ మీద వేలు పెట్టింది.

"గీ నూగేనా బావా?"

"అవ్."

"మురికని నాతోటి గీకించింది గిదే."

ఆమె కాగితం తిరిగి ఇయ్యలేదు. చింతపండు అంటి నల్లబడ్డ మూలను గోటితోటి మెల్లగ గీకుకుంట కూసున్నది.