అమ్మ చూసిన ఎడారి

నెహ్రూ నగర్‌లో నాన్న ఇంట్లో అటక సర్దుతుంటే గోనెసంచిలోంచి పాత పంపు స్టవ్వు బయటపడింది. ఇన్నేళ్లయినా కిరసనాయిలు కంపు పోలేదు. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా చిన్నప్పుడు మరోదా క్వార్టర్లలో దసరా సెలవులొస్తే చాలు, హిందీ మాట్లాడే ఆ ఊరి ఉక్కు ప్లాంటులో పనిచేసే తెలుగువాళ్లు నాలుగైదు కుటుంబాలు కలిసి ఎల్‌టీసీ పెట్టుకుని, ఒక బస్సు మాట్లాడుకుని, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, చింతపండు, స్టవ్వులు ఎక్కించి దేశం మీద పడేవాళ్లు. ఆ ఏడు రాజస్థాన్. కిటికీలోంచి కొట్టే వేడిగాలి, పళ్ల మధ్య కరకరలాడే ఇసక, తుమ్మచెట్ల కింద మేకలు, ఎర్ర తలపాగాల ముసలాళ్లు, ఎవరు ముందు ఒంటెను చూస్తారా అని మా పిల్లల పందేలు, ఎంత బాగుండేదో! కానీ ఎక్కడ ఆగినా మగవాళ్లకి అన్నం, చారు ఉండాల్సిందే. ఆ ఊళ్ల రొట్టెలు వాళ్ల గొంతు దిగవట. అందుకని కోట వచ్చినా, సరస్సు వచ్చినా వాళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు, ఆడవాళ్లు బస్సు నీడన స్టవ్వులు వెలిగించేవాళ్లు.

ప్రయాణం మొత్తంలో అమ్మ అడిగింది ఒక్కటే, ఇసక దిబ్బల మీద పొద్దు గుంకడం చూడాలని. దానికోసమే పసుపు చీర ఒకటి మడత నలగకుండా దాచుకుంది. జైసల్మేర్ దాటాక దిబ్బలకు కాస్త ఇవతల బస్సు ఆగింది. అమ్మ చీర మార్చుకుని దిగింది.

"నువ్వెక్కడికే?" అన్నాడు నాన్న. "మేం వచ్చీసరికి అన్నం అయిపోవాల. ఇసకే కదా, ఇక్కడా అదే, అక్కడా అదే. ఏటుంది చూడ్డానికి?"

ఏమీ లేకపోతే తనెందుకు వెళ్లినట్టు?

మేం ఒంటెలెక్కి, మెత్తటి దిబ్బల మీద దొర్లి, పొద్దు గుంకాక తిరిగొచ్చాం. అమ్మ ఆ పసుపు చీర కుచ్చిళ్లు ఎగదోపి, నీళ్లు చాలక, దోసిళ్లతో ఇసక తీసి పొద్దుటి మసి గిన్నెలు తోముతోంది.

ఇంటికొచ్చాక పక్క క్వార్టరావిడ అడిగింది, "ఎడారి ఎలాగుంది వదినా?" అని.

"ఇసక మంచిది. మసి ఇట్టే వదిలిపోద్ది," అంది అమ్మ. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్విన వాళ్ల మీద నాకింకా కోపం పోలేదు.

ఇప్పుడా బస్సులు లేవు, ఆ చారు లేదు, అమ్మా లేదు. నాన్న మాత్రం తెలుగు సరిగా రాని నా కొడుక్కి హిందీలో గొప్పలు చెబుతూనే ఉన్నాడు, మీ అమ్మమ్మకి ఎడారి చూపించింది నేనేనని. ఇవాళా అదే పాట.

స్టవ్వు తిరగేస్తే అడుగునుంచి చిటికెడు ఇసక రాలింది. తీసుకెళ్లి నాన్న అరచేతిలో పోశాను.

"ఏటే ఇది?"

"ఎడారి నాన్నా. నువ్వు అమ్మకి చూపించింది ఇంతే."

చెయ్యి కడుక్కుంటాను, కాసిన్ని నీళ్లు తెమ్మన్నాడు నాన్న. లేచి తెచ్చుకోమన్నాను.